పోయిన వస్తువుల పెట్టె, ఒక ఇటుక ముక్క

పోరిరువా తూర్పు, న్యూజీలాండ్

ఎరానా పోహాటు అనే నేను, కీర్తిశేషుడు రాపాటా పోహాటు భార్యను, డెబ్భై ఎనిమిదేళ్లదాన్ని, పిల్లల బడిలో ముప్పై అయిదేళ్లు ఊడ్చి తుడిచి రిటైరైనదాన్ని, నా వంటింటి బల్ల ముందు కూర్చుని, నా బుద్ధి నా దగ్గరే ఉండగా, ఎవరూ నా చెయ్యి పట్టి రాయించకుండా ఈ వీలునామా రాస్తున్నాను. మోకాళ్లు పోయాయి, ఎడమ చెవి పోయింది, బుద్ధి మాత్రం పోలేదు. ఆ మేరకు డాక్టరు దగ్గర కాగితం కూడా తెచ్చి జతపరిచాను. ఇది చదివాక ముసలిదానికి మతి చలించిందని చెప్పడానికి కొందరు తయారుగా ఉంటారని నాకు తెలుసు. ఇదివరలో నేను రాసిన వీలునామా ఇందుమూలంగా రద్దు. అది ప్రేమతో రాసింది. ఇది తెలివితో రాస్తున్నది.

1. ఈ వీలునామాను అమలు పరిచే బాధ్యత లోసా ఫెపులేఆయ్‌కి అప్పగిస్తున్నాను. సమోవా వాళ్ల పిల్ల. పిల్ల అంటున్నాను గానీ నలభై ఆరేళ్లు, ఆసుపత్రిలో నర్సు. కుడికాలు కాస్త ఈడ్చి నడుస్తుంది. ఆ కుంటులో నాకూ వాటా ఉంది కాబట్టి దాని సంగతి ముందు రాయాలి.

మా దేశంలో పిల్లలు వట్టికాళ్లతో తిరుగుతారు. మేడల్లో ఉండేవాడి కొడుకైనా చెప్పుల్లేకుండా అంగడికి వస్తాడు, ఎవరూ వింతగా చూడరు. అది మాకో గొప్ప. 1986 చలికాలంలో, మైదానమంతా తెల్లగా మంచు కట్టిన ఒక ఉదయం, ఎనిమిదేళ్ల లోసా వట్టికాళ్లతో బడి గేటు దాటింది. నేను చీపురు ఆపి, "భలే కాళ్లే పిల్లా నీవి, మా అమ్మమ్మ కాళ్లలా ఉన్నాయి" అన్నాను. ఆ పిల్ల నవ్వింది. రెండు వారాలు నాదీ అదే మాట, దానిదీ అదే నవ్వు. తర్వాత గాజుపెంకు గుచ్చుకుంది, మడమ చీము పట్టింది, చీము ఎముకదాకా పోయింది. చూడ్డానికి ఆసుపత్రికి వెళ్తే వాళ్లమ్మ తల దించుకుని చెప్పింది, ఇంట్లో నలుగురు ఆడపిల్లలకు రెండే జతల బూట్లని, వంతులు వేసుకుంటారని, చిన్నది కాబట్టి లోసా వంతు ఎప్పుడోగానీ రాదని.

మెచ్చుకున్నాననుకున్నాను. ఆ పిల్ల లేమిని నేను రోజూ పొద్దున్నే నలుగురిలో మెచ్చుకుంటున్నానని నాకు తట్టలేదు.

అప్పుడు మొదలైంది పెట్టె. ప్రతి బడిలోనూ పోయిన వస్తువుల పెట్టె ఒకటి ఉంటుంది. ఎవరో మరిచిపోయిన స్వెటరు, ఒంటరి సాక్సు, మూత లేని డబ్బా అందులో పడేస్తారు. టర్ము ఆఖరి శుక్రవారం దుప్పటి పరిచి అన్నీ ఆరుబయట పెడతారు, ఎవరివి వాళ్లు తీసుకుంటారు. నేను సేల్లో నల్ల బూట్లు, వానకోట్లు కొనేదాన్ని. కొత్తవి అందులో పెడితే దానం అని పసిగడతారు. పిల్లలకు ముక్కు కన్నా ముందు సిగ్గుకే వాసన తగులుతుంది. అందుకని లేసులు టీ డికాషన్‌లో నానబెట్టేదాన్ని. ఇటుక ముక్కతో బూటు ముందు భాగం మీద గీరేదాన్ని, ఎడమదాని మీద మూడు గీతలు, కుడిదాని మీద రెండు. నాకు తెలియకుండానే ఎప్పుడూ అంతే పడేవి, చేతి అలవాటు. కాస్త పెరటి మట్టి పూస్తే ఎవడో పారేసుకున్న బూట్లే.

ఒకటే నియమం. పిల్లవాడు "ఇది నాదే, మొన్న పోయింది" అంటే అది వాడిదే. రుజువు అడగరు. అలా ఎంతమంది పిల్లలు ఎన్నడూ పోగొట్టుకోని బూట్లు తిరిగి దొరికించుకుని నవ్వుకుంటూ ఇంటికి వెళ్లారో. ఈ గుట్టు అప్పట్లో ముగ్గురికే తెలుసు. నాకు, బడి ఆఫీసులో పనిచేసిన డోరీన్‌కి, నా పెంపుడు కూతురు వైమారీకి.

2. పోరిరువాలోని నా ఇల్లు. మూడు గదులు, రేకుల కప్పు, వెనక నిమ్మచెట్టు. రాపాటా కార్ల ఫ్యాక్టరీలో నైట్ డ్యూటీలు చేసి కొన్నది. ఇప్పుడు దాని ధర ఎంత చెబుతున్నారంటే, అంత డబ్బు ఉన్నవాడు ఈ వీధిలో ఎందుకుంటాడో నాకు అర్థం కావడం లేదు.

ఈ ఇల్లు అమ్మకూడదు. లోసా అధీనంలో ఉంచి, పిల్లలున్న కుటుంబానికి అద్దెకివ్వాలి. ఇల్లు దొరక్క మోటెల్ గదుల్లో తలదాచుకునే కుటుంబాలకు మొదటి హక్కు. ఒకే గదిలో అయిదుగురు, కెటిల్ మీద వంట, మంచం మీదే హోంవర్కు, ఏడాది దాటినా అదే బతుకు. అద్దె వాళ్ల రాబడిలో నాలుగో వంతు మించకూడదు. గోడలకు చెమ్మ రానివ్వకూడదు. హీటరు చెడిపోతే ఆ వారమే బాగుచేయించాలి. చెమ్మ ఇంట్లో పెరిగిన పిల్ల దగ్గు ఎలా ఉంటుందో లోసాకు నేను చెప్పక్కర్లేదు.

గోడకు నా పేరు పలక పెట్టకూడదు. ఆ పిల్లల ఫోటో తీయకూడదు. "ఇది ఎవరి దయ" అని వాళ్లను ఎవరూ అడగకూడదు. అడిగితే అద్దె కట్టి ఉంటున్నామని చెప్పమనండి. అదే నిజం.

వైమారీ ఈ ఇంటిని పిల్లలకు బూట్లు పంచే తన ట్రస్టుకు ఆఫీసుగా మార్చాలని ఎప్పట్నుంచో మనసులో పెట్టుకుంది. వాకిట్లో బోర్డు ఎక్కడ పెట్టాలో కూడా ఒకసారి చేత్తో చూపించింది. ఆ ముచ్చట తీరదు.

3. చిన్నా చితకా. డోరీన్ మక్‌లీష్ ఈ వీలునామాకు సాక్షి. సాక్షికి ఏమీ రాయకూడదట, చట్టం. అందుకని నా నీలం టీ కూజా మొన్న ఆదివారమే ఆమె సంచిలో పెట్టేశాను. మూత పగిలిందని సణిగింది. ఆ మూత పగలగొట్టింది ఆమే, 1997లో. వైమారీ కొడుకు తమాతికి రాపాటా చేపలు పొగబెట్టే డ్రమ్ము. తల్లి మీది కోపం బిడ్డ మీద చూపించే అలవాటు నాకు లేదు. వాడు పొగబెట్టిన మొదటి చేప పక్కింటి సెమిసికి ఇవ్వాలి. సెమిసి కూడా సాక్షే, కానీ చేప ఇవ్వొద్దని ఏ చట్టమూ అనదు.

4. నా పెంపుడు కూతురు వైమారీకి.

నా చెల్లెలి కూతురు. మా వాళ్లలో బిడ్డను అయినవాళ్ల చేతిలో పెట్టడం ఉంది. దస్తావేజు ఉండదు, దాపరికమూ ఉండదు. ఆరు నెలల పిల్లను దుప్పట్లో చుట్టి నా ఒళ్లో పెట్టి, అక్కా ఇక ఇది నీది అంది. నాదే అనుకున్నాను.

ఒక్క విషయంలో నేను పంతం పట్టాను. నా పిల్ల పెట్టెలో బూట్లు తొడగకూడదు. శనివారాలు బ్యాంకు మరుగుదొడ్లు కడిగి, ప్రతి ఫిబ్రవరిలో బడి తెరిచే ముందు దాన్ని దుకాణానికి తీసుకెళ్లి, కాలు కొలిపించి, కొత్త నల్ల బూట్లు కొనేదాన్ని. నాలిక లోపల దాని పేరున్న రిబ్బను ముక్క ఆకుపచ్చ దారంతో కుట్టేదాన్ని. పేరున్న వస్తువు పెట్టెలో పడదు, అదీ ధీమా. అయిదేళ్ల నుంచి పదకొండేళ్లదాకా ఏడు జతలు. అన్నీ దాచుకున్నాను. తొంభై ఒకటిలో ప్రభుత్వం పేదల భత్యాలు కోసినప్పుడు పెట్టె ఒక్క పూటలో ఖాళీ అయిపోయేది. ఆ గడ్డు ఏడాది కూడా నా పిల్ల కాళ్లకు కొత్త బూట్లే. ఆ ఏడే దానికి బుద్ధి వచ్చిందని మురిసిపోయాను, రోజూ కూర్చుని బూట్లకు పాలిష్ మీద పాలిష్ పట్టించేది. అయినా అల్లరి మానలేదు. రాళ్లు తన్నుకుంటూ తిరిగి బొటనవేలి గోరు ఊడగొట్టుకుంది, నా చేత చీవాట్లు తింది.

నా పక్కన కూర్చుని ఇటుకతో బూట్లు గీరిన పిల్ల అది. పెట్టె గుట్టు బయట పెట్టనని రాపాటా ఫోటో ముందు మాటిచ్చిన పిల్ల.

పెద్దదై "వెచ్చని అడుగులు" అనే ట్రస్టుకు పెద్ద అయింది. 2019లో చందాల విందుకు నన్ను ముందు బల్ల దగ్గర కూర్చోబెట్టింది. గొర్రె మాంసం, తెల్ల గుడ్డలు, కొండంత పూలు. మైకు పట్టుకుని మా అమ్మ అంటూ మొదలుపెట్టి అంతా చెప్పేసింది. పెట్టె, ఇటుక, టీ డికాషన్, బడి పేరుతో సహా. పైగా, "నేనూ ఆ పెట్టెలో బూట్లు తొడుక్కునే పెరిగాను" అంది. హాలంతా కళ్లు తుడుచుకుంది. నేను నోటిదాకా తెచ్చిన ముద్ద కంచంలో పెట్టేశాను. అది నేను కడిగిన మరుగుదొడ్లకు, నేను కుట్టిన ఆకుపచ్చ దారానికి అంతమంది ముందు నా కూతురు పెట్టిన అబద్ధపు పేరు. చప్పట్లకోసం నా కష్టాన్నే చెరిపేసింది. కంచే చేను మేసింది.

ఆ టర్ము ఆఖరి శుక్రవారం దుప్పటి మీది వస్తువులు ఒక్కరూ ముట్టుకోలేదు. తమ సొంత స్వెటర్లు కూడా వదిలేసి వెళ్లారు. ముట్టుకుంటే బీదవాడన్నట్టే. రిటైరయ్యాక కూడా పదేళ్లు మంగళవారం మంగళవారం వెళ్లి నేను నింపిన పెట్టె, చెత్తడబ్బాల పక్కకు చేరింది. మోసుకుని ఇంటికి తెచ్చుకున్నాను.

విందులో వచ్చిన డబ్బుతో ట్రస్టు వేల జతలు పంచింది. మంచి బూట్లే, కాదనను. మడమ మాత్రం పసుపు, దాతలకు దూరం నుంచి కనబడాలట. దూరం నుంచి పిల్లలకూ కనబడింది. మా ఇంటి ఎదురుగా పొడుగాటి ఆకుల నారపొద ఒకటి ఉంది. చలికాలం పొద్దున్నే పిల్లలు అక్కడ ఆగుతారు, పసుపు మడమల బూట్లు విప్పి పొదలో దాస్తారు, వట్టికాళ్లతో బడికి పరిగెడతారు. వట్టికాళ్లంటే ఎవరూ ఏమీ అనరు కదా, మా గొప్ప. సాయంత్రం మళ్లీ తొడుక్కుని ఇంటికి వెళ్తారు, అమ్మలు సంతకం పెట్టి తెచ్చిన బూట్లు మరి. ఒకరోజు పదకొండు జతలు లెక్కపెట్టాను. లోసా మడమ గుర్తొచ్చింది.

వైమారీని పిలిచి కిటికీలోంచి చూపించాను. చూసింది. తర్వాత అంది, "అమ్మా, నీ పెట్టెతో ఏడాదికి నలభై మంది. నా పద్ధతిలో నాలుగు వేల మంది. ఇద్దరు ముగ్గురు విప్పేశారని అందరికీ ఆపమంటావా?" నేను అన్నాను, "నా నలభై మందీ తలెత్తుకుని తిరిగారే. ఆ సంగతి చెప్పి నువ్వు చందా పట్టావు." తర్వాత ఇంకా అన్నాను, అవి ఇక్కడ రాయను. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. నాలుగేళ్లయింది మాటల్లేక.

కాబట్టి వైమారీకి నా స్థిరాస్తిలో గానీ చరాస్తిలో గానీ ఏ భాగమూ లేదు. ఆ ఏడు జతల బూట్లు మాత్రం ఆమెకు చెందాలి. నాలికలు తిప్పి తన పేరు ఏడుసార్లు చదువుకుని, పెట్టెలో బూట్లతో పెరిగానన్న మాట మళ్లీ ఒకసారి మైకు లేకుండా అనమనండి.

5. ఈ దేశాన్ని ఏలేవారికి, ఏ పార్టీ వారైనా సరే, పెట్టె అడుగున మిగిలిన ఒంటి బూటు ఒకటి రాసి ఇస్తున్నాను. ఎడమ కాలిది. రెండోది ఎన్నడూ దొరకలేదు. మీరు చేసే సాయం కూడా ఎప్పుడూ ఒంటి బూటే. అద్దెకిచ్చే భత్యం కాస్త పెంచుతారు, ఇంటివాడు అద్దె పెంచుతాడు. పాలు సముద్రాలు దాటించి అమ్ముకునే దేశంలో పిల్ల నీళ్లలో నానేసిన సీరియల్ తిని బడికొస్తుంది. నాకు చదువు లేదు, అయినా చెబుతాను. బడిలో అన్నం పెడితే అందరికీ పెట్టండి, డాక్టరు కొడుక్కీ పెట్టండి, అప్పుడు ఎవడు ఆకలిగొన్నవాడో ఎవడికీ తెలియదు. భత్యం అద్దె పోను కూర కొనుక్కునేంత ఇవ్వండి. చెమ్మ కొంపలను ఇళ్లని పిలవడం మానండి. లాయరు ప్రెండర్‌గాస్ట్ గారు ఇది వీలునామాలో చెల్లదు, కొట్టేయమన్నారు. బూటు నాది, రాయడం నా ఇష్టం. తపాలా ఖర్చు నా ఖాతాలోంచి తీసుకోవాలి.

6. నన్ను మా వంశం వాళ్లు కూడే మరై మందిరంలో, మా వాళ్ల మధ్య మూడు రోజులు ఉంచి, రాపాటా పక్కన పెట్టాలి. ట్రస్టు బ్యానరు లోపలికి రానివ్వకూడదు. వైమారీ రావచ్చు. కూతుళ్లు కూర్చునే చోటే కూర్చోవాలి, ఎక్కడో వెనక కాదు. ఏడవాలనిపిస్తే ఏడవాలి. మాట్లాడకూడదు.

7. పై ఆరూ సోమవారం రాశాను. ఇది గురువారం రాస్తున్నాను.

నాలుగో అంశంలో చెప్పిన బూట్లను మూట కడదామని నిన్న బీరువాలోంచి దింపాను. చిన్నవాటి నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటీ తుడుస్తూ నాలిక తిప్పి చూసుకుంటూ వచ్చాను. ఆకుపచ్చ దారం, ఆకుపచ్చ దారం. ఏడో జత, తొంభై ఒకటి నాటిది. పాలిష్ దళసరిగా అట్ట కట్టి ఉంది. రిబ్బను మీద పేరు నా చేత్తో రాసిందే. కుట్టింది మాత్రం తెల్ల దారంతో. వంకర టింకర కుట్లు, ఒకచోట ముడి మీద ముడి. అవి నా కుట్లు కావు. పదకొండేళ్ల పిల్ల కుట్లు.

కళ్లద్దాలు మార్చుకుని వచ్చి, తడిగుడ్డతో ముందు భాగం మీది పాలిష్ రుద్దాను. ముప్పై మూడేళ్ల పాలిష్ ఊరికే పోలేదు. పోయాక కింద గీతలు కనబడ్డాయి. ఎడమదాని మీద మూడు. కుడిదాని మీద రెండు.

నా ఇటుక గీతలు. నేను పెట్టెలో వేసిన బూట్లు.

సైజు చూశాను. ఆ ఏడు నేను కొన్నదానికన్నా ఒక సైజు చిన్నవి. గోరు ఊడింది రాళ్లు తన్ని కాదు.

అంటే నా పిల్ల తన కొత్త బూట్ల నాలికలోంచి పేరు విప్పేసి, వాటిని పెట్టెలో వేసింది. పెట్టెలోంచి బిగుతు జత ఒకటి తీసుకుని, పేరు దానిలో కుట్టుకుని, నాకు తెలియకుండా గీతల మీద రోజూ పాలిష్ పూసింది. ఏడాది పొడుగునా బొటనవేలు ముడుచుకుని నడిచింది. ఎందుకంటే ఆ ఏడు పెట్టెలో సరిపోయేవి లేక, తన క్లాసులో ఎవరో ఒక పెద్ద కాలి పిల్ల వట్టికాళ్లతో నిలబడి ఉంటుంది. నేను చీపురు పట్టుకుని మళ్లీ గమనించి ఉండను. అది గమనించింది.

విందులో చెప్పింది అబద్ధం కాదు. అబద్ధమని అయిదేళ్లు నమ్మింది నేను, చీవాట్లు పెట్టింది నేను. సిగ్గుతో చచ్చిపోతున్నాను, ఇంకా చావకముందే.

లాయరు గారు నాలుగో అంశం కొట్టేసి కొత్తగా రాద్దామన్నారు. వద్దన్నాను. గుట్టు అమ్ముకుందన్న మాట నిలబడుతుంది. ఆ పొదలో బూట్లు ఇవాళ పొద్దున కూడా ఉన్నాయి. అబద్ధమాడిందన్న మాట మాత్రం నాది తప్పు, ఇందుమూలంగా వెనక్కి తీసుకుంటున్నాను. రెండూ పక్కపక్కన ఉండనీ, చదివేవాళ్లు రెండూ చదవనీ. ఇల్లు లోసా అధీనంలోనే ఉంటుంది, దాంట్లో మార్పు లేదు.

పై ఏడు జతలతో పాటు, పోయిన వస్తువుల పెట్టెను, దానిలో ఉన్న ఇటుక ముక్కను సర్వహక్కులతో వైమారీకి దఖలు పరుస్తున్నాను. షరతు ఒకటే. ట్రస్టు తరఫున కాదు, తన చేత్తో, తన వంటింట్లో కూర్చుని గీరాలి. పసుపు మడమలకు నల్లరంగు వేయడం ఆమెకు బాగా తెలుసు, పాలిష్ పట్టించడంలో ఆమెను మించినవాళ్లు లేరు.

వైమారీ, తొంభై ఒకటిలో నీ కొత్త బూట్లు తీసుకున్నది ఎవరో వందమంది దాతల ముందు కూడా నువ్వు చెప్పలేదు. మైకు చేతిలో ఉండి కూడా ఆ ఒక్క పేరు మింగేశావు. నువ్వు ఆ పేరు దాచావని నాకు ఇన్నాళ్లూ తట్టలేదు. ఈ కాగితం నువ్వు చదివేదాకా ఆగడం నా వల్ల కాదు, సంతకాలయ్యాక ఫోను చేస్తాను. ఎత్తు. మాట్లాడుకుందాం. ఆ పిల్ల ఎవరని మాత్రం నేను అడగను. మతి తప్పి అడిగినా చెప్పకు.

ఇది నేను చెప్పి, నేను రాసి, నేనే చదివి, ఇద్దరు సాక్షులు ఒకేసారి చూస్తుండగా నా చేత్తో సంతకం చేసినది.

2024 ఆగస్టు 15, గురువారం
పోరిరువా తూర్పు

(సంతకం) ఎరానా పోహాటు

ఆమె మా ఇద్దరి ఎదుటా, పూర్తి తెలివితో, ముక్కు చీదుకుంటూ సంతకం చేసింది. ఆమె చూస్తుండగా మేమూ చేశాం.

సాక్షులు:
డోరీన్ మక్‌లీష్, రిటైరైన బడి గుమాస్తా
సెమిసి వాఇపులు, బస్సు డ్రైవరు, పక్కిల్లు